డబ్బా పాలు పొంగిన ఇల్లు

మా దొరకు రంగు పెన్సిళ్ళంటే మహా ప్రీతి. మలయాలో ఎమర్జెన్సీ నడిచిన రోజుల్లో, అడవిలో ఉన్న కమ్యూనిస్టు తుపాకీవాళ్ళకు మేం బియ్యం అందిస్తున్నామని సర్కారుకు అనుమానం పుట్టింది. మేం తినడానికే చాలని బియ్యం వాళ్ళకెలా పెడతామో ఎవరూ అడగలేదు. తెలుక్ ఆన్సన్ దగ్గరి మా రబ్బరుతోటలో చెదురుగా ఉన్న పాత లైను ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, కూలీలందరినీ ఒక్కచోట చేర్చి, చుట్టూ ముళ్ళకంచె వేయమని హుకుం వచ్చింది. ఆ కొత్త లైనుకు నక్షా గీసే పని దొర స్వయంగా పెట్టుకున్నాడు.

హిందువులకు ఎర్ర వరస, క్రైస్తవులకు నీలం వరస. ఈ చివర భజన మందిరం, ఆ చివర ప్రార్థన షెడ్డు. సరిగ్గా మధ్యలో కుళాయి, మరుగుదొడ్లు. అన్ని మతాలూ కలుసుకోవడానికి ఆయన మాకు వదిలిన చోటు అదొక్కటే.

"మతాల పేరు సెప్పి తగువులు రాకూడదని దొర ఆలోసన, పంతులమ్మా" అని కిరాణీ నాకు విడమరిచాడు. తోట ఆఫీసు గుమాస్తాను అక్కడ కిరాణీ అనేవాళ్ళం. నేనప్పుడు తోటలోని తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, అందుకని నాకు ఆ మర్యాద. మాలో దేవుడి కోసం ఎవరూ కొట్టుకున్న పాపాన పోలేదు. శనివారం భజనలో మద్దెల వాయించినవాడే ఆదివారం ప్రార్థనలోనూ వాయించేవాడు. కొట్టుకున్నదంతా కుళాయి దగ్గరే. దాన్ని మాత్రం అందరికీ ఒక్కటే పెట్టాడు మహానుభావుడు.

ఈ రంగుల మధ్య మా పిన్ని చిక్కుకుంది. పిన్ని మా అమ్మకు సొంత చెల్లెలు. క్రైస్తవుణ్ణి పెళ్ళాడి ఆ మతంలో కలిసింది. పిల్లలు లేరు, మొగుడు జ్వరంతో పోయాడు. రబ్బరు చెట్లు గీసుకుంటూ ఒంటరిగా, పాత లైనులో మా పక్క గదిలోనే ఉండేది. ఆవిడకు మూర్ఛ ఉంది. ఎప్పుడు పడుతుందో, పొయ్యి మీద పడుతుందో గోడకేసి పడుతుందో తెలియదు. చెక్కగోడ అవతల ధభీమని చప్పుడైతే అమ్మ ఉన్నపళాన పరిగెత్తేది. పిన్ని బతికి ఉన్నదంటే ఆ పల్చటి గోడ చలవే.

నక్షాలో మాది ఎర్ర వరస, పిన్నిది నీలం వరసలో ఆ చివరాఖరి గది. రాత్రయితే కర్ఫ్యూ, గడప దాటితే కాల్చినా అడిగే నాథుడు లేడు. ఆ చివర పిన్ని పడిపోతే మాకు తెల్లారాకే తెలుస్తుంది. నన్ను ఎత్తుకు పెంచింది ఆవిడే.

కిరాణీ దగ్గరికి అమ్మా నేనూ వెళ్ళాం.

"నానేటి సెయ్యను? దొర సంతకం ఎట్టేసినాడు" అన్నాడు.

"అయితే మాతోనే ఉంటాది" అంది అమ్మ.

"ఎర్ర ఇంట్లో నీలం మనిసా? నక్షా పాడైపోద్ది లా" అన్నాడు, మలయాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

మనిషి పోతే పోయింది గానీ నక్షా మాత్రం పాడవకూడదు. అదీ వరస.

మేం కొత్త ఇంట్లో చేరాం. మా పక్క ఇల్లు భజన మందిరం పెద్దాయన కొడుక్కి రాశారు. గురువారం దాకా ముహూర్తం లేదని పెద్దాయన కొడుకును ఆపాడు. ఇల్లు ఖాళీగా, తలుపు బార్లా తెరిచి ఉంది. మధ్యాహ్నం పనినుంచి వచ్చిన పిన్ని చంకలో గిన్నె, చేతిలో పాలడబ్బాతో నేరుగా ఆ ఇంట్లో దూరింది. అమ్మకు సంగతి అర్థమై గుండెలు బాదుకుంది.

"ఒలే, నీకేటైనా పిచ్చా? కిరస్తానీదానివి, నువ్వు పాలు పొంగించడమేటే?"

"యేసు ప్రభువు పాలు తాగనేదేటప్పా? పుట్టింటి అలవాటు, మతం మారితే పోద్దేటి" అంది పిన్ని అక్కతో, పుల్లలు ఎగదోస్తూ.

మా వాళ్ళలో కొత్త ఇంట్లో పాలు పొంగిస్తేనే ఆ ఇల్లు ఇల్లయినట్టు. ఒకరి పాలు పొంగిన ఇంట్లో ఇంకొకరు కాపురం పెడితే ముందువాళ్ళ ఉసురు తగులుతుందని భయం. పిన్ని నీళ్ళు కలిపిన డబ్బా పాలు బుసబుసా లేచి, గిన్నె అంచు దాటి, తూర్పు పక్కకే కారాయి. పిన్ని గుమ్మంలోకొచ్చి, లైనంతా వినబడేట్టు "పొంగినాయి" అని కేకేసింది.

పెద్దాయన కోడలు ఆ కేక విని, తన ట్రంకు పెట్టె మీద కూర్చుని, ఆ ఇంట్లో అడుగుపెట్టేది లేదని తెగేసి చెప్పింది. పెద్దాయన పరుగున వచ్చాడు. ఆయనకు శాస్త్రం తెలుసునని ప్రతీతి. గిన్నెలోకి తొంగి చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఇవి ఆవుపాలు కావు. డబ్బా పాలు పొంగితే పొంగినట్టు కాదు. ఇల్లు మావోడిదే."

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "మరి మొన్న మీ ఇంట పొంగినవి ఏటి పాలు, బావా?"

ఆవుల్ని కంచె బయటే ఆపేశారు. పాలడబ్బా కొన్నా, నిలవ ఉండి అడవికి చేరకుండా కొట్లోనే మూతకు చిల్లులు పొడిచి ఇచ్చేవాళ్ళు. ఎర్ర వరసలో ప్రతి ఇంటా పొంగినవి ఆ చిల్లుల డబ్బా పాలే, పెద్దాయన ఇంటితో సహా. పిన్ని పాలు చెల్లవంటే ఆయన ఇల్లూ ఇల్లు కాదు. పెద్దాయన వంగి గిన్నె పక్కన కారిన చార చూసి, తూర్పుకి కారాయి కాబట్టి చెల్లుతాయని తేల్చాడు.

ఇక ప్రార్థన షెడ్డు బోధకుడు వచ్చాడు, అన్యాచారమని మందలించడానికి. పిన్ని చేతులు కట్టుకుని వినయంగా నిలబడింది.

"తప్పే అయ్యగారూ. నీలం వరస ఆడోళ్ళు ఎనక తలుపులు మూసుకుని పొంగించినారు, నాను తలుపు తీసి పొంగించినాను."

గృహప్రవేశ ప్రార్థనలకు వెళ్ళినప్పుడు ఇంటింటా ఆయన తాగిన టీ ఆ పాలతో కాచిందే. ఆయన క్లుప్తంగా ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

దొరకు ఇదంతా ఎలా చెప్పాలో కిరాణీకి తోచలేదు. చివరికి, ఆ ఇంట్లో పాలు ముందే కాపురం పెట్టేశాయని ఇంగ్లీషులో చెప్పాడట. దొర నీలం పెన్సిల్ తీసి ఎర్ర వరసలో ఒక్క గడి దిద్దాడు. పెద్దాయన కొడుకు నీలం వరస చివరికి పోయాడు. దానివల్ల మతకలహం ఏదీ రాలేదు. కుళాయి దగ్గర మాత్రం కోడలు మాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ వానాకాలంలోనే ఒక రాత్రి పిన్ని పడింది. అమ్మ చప్పుడు విని పెరటి తలుపు గుండా దూకింది. చెయ్యి కాస్త కాలింది, అంతే. నేను గోడకు దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది. తోట మైదానంలో కొత్త జెండా ఎగరేసి, ఇక మనమంతా ఒక్కటేనని ఒకాయన ఉపన్యసించాడు. పిల్లలకు బిస్కెట్లు పంచారు. కంచె పీకేశాక ఆ గుంజలకు చిక్కుడుపాదులు పాకించుకున్నాం. దొర తోటను పట్నం ఆసాములకు అమ్మేసి ఓడెక్కాడు. వాళ్ళు దాన్ని ముక్కలు చేసి పంచుకుని, మమ్మల్ని ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. వాళ్ళు రంగు చూడలేదు. ఎర్ర వరస, నీలం వరస అందరినీ సమానంగా పొమ్మన్నారు.

పిన్ని మాత్రం సామాను సర్దలేదు. "నా పాలు పొంగిన ఇంట్లో ఎవుడడుగెడతాడో సూస్తాను" అని గుమ్మంలో కూర్చుంది.

ఆమె మాట నిజమే అయింది. కొన్న మనిషి ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. బయటే నిలబడి గొడుగుతో కప్పు చూపించాడు. కూలీలు రేకులు ఊడదీశారు. పిన్ని నెత్తిన ఎండ పడేదాకా కదలలేదు. నేనే రెక్క పట్టుకుని లేపాను.

తెలుక్ ఆన్సన్‌లో ఒక అద్దె గది దొరికింది, ముగ్గురికీ కలిపి. చేరిన రోజు అమ్మ పట్నంలో దొరికే అసలైన ఆవుపాలు తెచ్చి పొయ్యి మీద పెట్టి, చెల్లెలిని పిలిచింది. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. పాలు లేచి గిన్నె అంచు దాకా వచ్చాయి. అప్పుడు పిన్ని కొంగుతో గిన్నె పట్టుకుని కిందికి దించేసింది.

"పొంగనియ్యకప్పా, ఒద్దు లా" అంది. "టీ ఎట్టు."