మైదానపు గీతల పొడి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తొలి రోజుల్లో నేను పులివెందుల హైస్కూల్లో సైన్సు మాస్టరును. అక్కడి ఫుట్‌బాల్ మైదానంలో గీతలు సున్నంతో గీసేవారు కారు. సున్నం తగిలితే దోక్కుపోయిన మోకాళ్లు మండేవి. అందుచేత దగ్గరి రాతినార (ఆస్బెస్టాస్) గనిలో నారను వేరుచేయగా మిగిలిన తెల్లని పొడిని బస్తాలకెత్తి తెచ్చి చల్లేవారు. అది దూదిలా మెత్తగా ఉండేది. గాలి వీస్తే గీత నేలనుంచి లేచి, మళ్లీ తొందరలేకుండా దిగేది.

మా ఊరి జట్టు సెంటర్ ఫార్వర్డ్ లిథువేనియా దేశస్థుడు. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, దేశాలు తిరిగి, చివరకు ఆ గనిలో డ్రిల్లింగు యంత్రాల మెకానిక్‌గా చేరాడు. స్వదేశంలోను, జర్మనీ శరణార్థి శిబిరాల్లోను, ఇంగ్లండులోను, కలకత్తాలోను ఆడానని చెప్పేవాడు. నేను నమ్మలేదు. బడిలోని కొత్త అట్లాసులో ఆ దేశమే లేదు. పాత అట్లాసు తీసి చూస్తే ఉంది. మిగిలిన మాటలకు అతని కాళ్లే సాక్ష్యం. ఎడమకాలితో కొట్టినా కుడికాలితో కొట్టినా బంతి అతను అనుకున్న మూలకే పోయేది.

ఒక సాయంత్రం అతను ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డాడు. అతని తెలుగు, గని కూలీల దగ్గర నేర్చుకున్నది.

“అయ్యవారూ, పరిగెత్తితే ఊపిరి ఈడ్నే నిలబడిపోతాండాది,” అని రొమ్ము చూపించాడు. “ఈ పొడి వల్లనేమో సూడప్పా. కాదంటే ఆడతా. అవునంటే గని ఇడిసిపెట్టి పోతా.”

వెంట వచ్చిన జట్టు కెప్టెన్, బజారులో దర్జీ, నవ్వాడు. “దొరకు వయసైపోయినాది. నేరం పొడి మింద పెడతాండాడు.”

పొడిని నీటిలో కలిపి లిట్మస్ కాగితం ముంచాను, రంగు మారలేదు. ఆమ్లం పోశాను, పొంగలేదు. ముంజేతిమీద రుద్దుకున్నాను, మండలేదు. “హాని లేదు” అని రాసి సంతకం చేశాను. కెప్టెన్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫార్వర్డ్ గనిలోనే ఉండిపోయాడు.

నెల తిరక్కముందే జమ్మలమడుగులో ప్రొద్దుటూరు జట్టుతో పోటీ. గీతలకు మా పొడి బస్తా మేమే మోసుకుపోయాం. పెన్నా వైపునుంచి గాలి తెరలు తెరలుగా వీస్తోంది. రెండో సగంలో బంతి అతని కాలికి అందింది. ఎదుట గోల్‌కీపరు ఒక్కడే. అతను నాలుగు అంగలు వేసి, బంతిని వదిలేసి, మోకాళ్లమీద చేతులానించి నిలబడిపోయాడు.

“దొరా, గోలు ఈడుండాది! నేలలో ఏం ఎతుకుతాండావ్?” అని ప్రొద్దుటూరు వాళ్లు కేకలేశారు. మైదానమంతా నవ్వింది. అతను గీతమీదికే ఒరిగాక నవ్వు ఆగింది.

ఆసుపత్రిలో డాక్టరు అతని వీపుమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఇక పరుగు మాట తలపెట్టవద్దన్నాడు.

అతను ఆసుపత్రినుంచి వచ్చిన మర్నాడు ఆ పొడిని మొదటిసారి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అది పొడి కాదు. సూదులు. గాజు పలకతో నొక్కినకొద్దీ ఒక్కొక్కటి నిలువునా చీలి మరింత సన్నని సూదులయ్యాయి. అతనికి ఊపిరాడనివ్వనివి ఇవేనని రుజువు చేయలేను. శిబిరాల చలి ఉంది, బీడీలు ఉన్నాయి, గనిలో గడిపిన ఏళ్లున్నాయి. కానీ నా పరీక్షలు తేల్చింది అది సున్నం కాదని మాత్రమే. నేను రాసింది వేరు.

కెప్టెన్ కోసం పరుగున మైదానానికి వెళ్లాను. మధ్యగీత దగ్గర ఫార్వర్డ్ వంగి, డబ్బాలోంచి పిడికిళ్లతో పొడి చల్లుతున్నాడు. ప్రతి పిడికిలికీ దగ్గుతున్నాడు.

“పరిగెత్తే పని కాదు గదా అయ్యవారూ,” అన్నాడు కెప్టెన్. “పాపం, ఆట ఇడ్సి ఉండలేడని ఈ పనిచ్చినాం.”

“ఆపించు. ఆ కాగితం ఇటివ్వు. తప్పు రాశాను.”

“మీరే రాసిస్తిరి, మీరే తప్పంటే ఎట్లప్పా?” కెప్టెన్ ఖాళీ జేబు తట్టి చూపించాడు. “అయినా అది నాకాడ యాడుండాది? ప్రొద్దుటూరోళ్లు గూడా సున్నం మాన్పిస్తామనిరి. ఒక బస్తా పొడీ, ఆ కాగితమూ పొద్దున్నే బస్సులో పంపిస్తిమి.”