ఒంటేలు అయిందా అని అడిగితే

పట్టుపురుగులకు ఆకు కోస్తూ బడి మానేసిన నాకు అరవై దాటాకే అక్షరాలు వచ్చాయి. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఈరోజు మంచంపట్టిన మా ఆయన మూత్రపు సంచి ఖాళీ చేసి, అలసిపోయి కూర్చుంటే ఫినాయిల్ వాసనకు చిన్నప్పుడు ఊరిగాం ఊళ్లో చూసిన ఆసుపత్రి గుర్తొచ్చింది.

కడుపు ఆపరేషన్ అయిన అవ్వకు తోడుగా ఎనిమిదేళ్ల నేను ఉన్నాను. పొద్దున్నే నర్సు అందరి ముందూ అడిగింది.

"యూరిన్ పోయినావా అవ్వా? మోషన్ అయిందా?"

అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నన్ను గిల్లింది. "మొగోళ్ల ముందర ఆ మాటలేందే! అయిందని చెప్పేయ్."

అయిందంటే ఇంటికి పంపేస్తారనుకున్నాను.

"రెండూ అయినాయి సిస్టర్!"

సాయంత్రానికి అవ్వ పొట్ట ఉబ్బిపోయి, నొప్పికి అరిచింది. మూత్రం బయటికి రావడానికి గొట్టం వేశారు.

"యాడ అయింది పాపా? పొట్టనిండా ఒంటేలే ఉండాది!" అంది నర్సు. అవ్వ గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఇప్పుడు మా ఆయన సంచిలో ఎంత పడిందో రోజూ చూసేదాన్ని నేనే. ఎందుకు అడుగుతారో అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, అవ్వ అంత సిగ్గుపడేది కాదేమో.

అవ్వకు గొట్టం వేసిన మర్నాడు పొద్దున నర్సు గుమ్మంలో కనబడగానే, వార్డంతా వినేలా అరిచాను.

"సిస్టర్, మా అవ్వకి ఒంటేలు గొట్టంలో వచ్చినాది, దొడ్డికి మాత్రం ఇంగా కాలేదు!"