ఇంటిమాటలో చెప్పగలిగిన పుస్తకం

అళగర్‌సామికి కూర్చోవటం చేతకాదు. పదిహేడేళ్లుగా కోవిల్‌పట్టి చుట్టుపక్కల స్తంభాలెక్కి తీగ లాగిన మనిషి. మొదట టీవీ తీగ, ఆ తర్వాత ఇంటర్నెట్ తీగ, ఇప్పుడు వెంట్రుకంత గాజు తీగ. ఎట్టయాపురం దారిలో ఏ స్తంభం ఎటు ఒరిగిందో, ఒట్టపిడారం రోడ్డులో ఏ మలుపు దగ్గర ఉడతలు తీగ కొరుకుతాయో కళ్లు మూసుకుని చెప్పగలడు. కాఫీ అయినా బువ్వ అయినా గుమ్మంలో నిలబడే కానిస్తాడని భార్య మారిసెల్వి ఎత్తిపొడుపు. అలాంటివాడికి నలభై రెండో ఏట పుస్తకం ముందు కూర్చోవలసిన గతి పట్టింది.

అందుకు కారణం కుడి భుజం. పోయిన వానల్లో తడి నిచ్చెన జారితే కింద పడకుండా ఒంటిచేత్తో వేలాడాడు. ఎముక విరగలేదు కానీ అప్పటినుంచి ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఈ సంగతి మారిసెల్వికి తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. స్తంభం ఎక్కే పని వస్తే చిన్నవాళ్లను పురమాయించి కిందనుంచి సలహాలు చెబుతుంటే, ముదిరి పెద్దమనిషి అయ్యాడులే అని తోటివాళ్లు నవ్వుకునేవారు.

కంపెనీకి విరుదునగర్‌లో కంట్రోల్ రూమ్ ఉంది. గోడ నిండా తెరలు, ఎక్కడ లైను తెగితే అక్కడ ఎర్రచుక్క. ఆ గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆడి నెలలోపు, అంటే మన ఆషాఢం పోయేలోపు, నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైన లైన్‌మన్‌కే అది దక్కుతుందని, పరీక్షకు కంపెనీ ఒక్కసారే పంపుతుందని సూపర్‌వైజర్ సెందిల్‌కుమార్ ప్రకటించాడు. పాస్ కానివాళ్లు ఎప్పటిలాగే స్తంభాల మీద. స్తంభం ఎక్కలేనివాడి సంగతి ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నువ్వేమైనా చదువుతున్నావా అని అడిగితే అళగర్‌సామి తడుముకోకుండా సగం అయిపోయింది సార్ అన్నాడు. అప్పటికింకా పుస్తకం అట్ట మొహం కూడా చూడలేదు.

పరీక్ష పుస్తకం ఒక వింత జాతి. మిగతా పుస్తకాల్ని జనం ఉండిపోవటానికి చదువుతారు, దీన్ని దాటిపోవటానికి చదువుతారు. పడవకీ ఇంటికీ ఉన్నంత తేడా. ఒడ్డు చేరాక పడవని ఎవరూ నెత్తిన పెట్టుకుని నడవరు. కానీ అళగర్‌సామి ఉండే వీధిలో అలాగే నడుస్తారు. అక్కడ పదో తరగతి గైడు మొదలుకొని డ్రైవింగ్ పరీక్ష కాగితాల వరకు ఏదీ కొత్తది కొనరు, పాసైన చేతి నుంచి అందుకుంటారు. ఊరికే చేతులు మారటం కూడా కాదు. తట్టలో తమలపాకులు పెట్టి, అట్టకు పసుపు రాసి, తూర్పు ముఖంగా నిలబడి ఇవ్వాలి. ఆ చెయ్యి దాటింది గనక ఈ చెయ్యీ దాటుతుందని నమ్మకం.

ఆ లెక్కనే ఏడేళ్ల కిందట పాసై మదురైలో ఉద్యోగం సంపాదించిన సరవణకుమార్ ఇంటికి తట్ట పట్టుకుని వెళ్లి, తొమ్మిదివందల పేజీల పుస్తకం పసుపు గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. అందులో పెన్సిల్ గీతలు, అక్కడక్కడా కాఫీ మరకలు. సరవణకుమార్ ఎక్కడ ఆగి కాఫీ తాగాడో అళగర్‌సామికి తెలిసింది గానీ, ఏం అర్థమై తాగాడో తెలియలేదు. పది పేజీలు చదివి లేచేవాడు. వీధి చివరదాకా వెళ్లొచ్చి మళ్లీ మొదటి పేజీ. తప్పు పుస్తకానిదేమోనని ఫోనులో ఇంకొకటి తెప్పించాడు. అదీ అంతే. తెలిసినవాళ్లు కంప్యూటర్ నుంచి అచ్చువేసి ఇచ్చిన కాగితాల కట్ట మూడోది. ఒకటి టీవీ మీద, ఒకటి మంచం కింద, మూడోది బియ్యం డబ్బా మీద. కాలు కాలిన పిల్లిలా వాటి మధ్య తిరుగుతూ అయిదు వారాలు గడిపాడు. పరీక్షకి ఇక మిగిలింది ఏడు వారాలు.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు నింపే మారిసెల్వి ఇదంతా చూసి చూసి ఒకనాడు, మూడు పెళ్లి సంబంధాలు చూసి ఒక్కర్తెతోనూ మాట్లాడని మగోడిలా ఉన్నావంది. ఆ మాట గుచ్చుకుంది. ఆ ఆదివారమే పసుపు గుడ్డలోని పుస్తకం సంచిలో వేసుకుని విరుదునగర్ బస్సెక్కాడు. బస్టాండు వెనక సందులో పాత పుస్తకాల అంగడి ఉందనీ, కాలేజీ పిల్లలు పరీక్షవగానే అక్కడే అమ్మేస్తారనీ విన్నాడు. సాత్తూరులో బస్సు ఆగితే కిటికీలోంచి కారసేవు పొట్లం అందుకున్నాడు. అది విప్పేలోపే దిగి, బస్సు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కండక్టరు ఈల వేశాక ఎక్కాడు.

అంగడి పది అడుగులు. రంగనాథన్ అనే డెబ్బై ఏళ్ల ముసలాయన ముక్కాలి పీట మీద కూర్చుని ఈకల కట్టతో దుమ్ము దులుపుతున్నాడు. అళగర్‌సామి అరవంలో అన్నాచ్చీ, అంటే అన్నా అని పలకరించి, పరీక్ష పేరు చెప్పాడు. ఆయన నాలుగు పుస్తకాలు తీసి ముందు పడేశాడు. నాలుగూ తిరగేసేసరికి అళగర్‌సామికి చెమట పట్టింది. ఫోను తీసి మారిసెల్వికి కలిపాడు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఈ నల్లరేగడి సీమలో తెలుగు ఇంట్లో మాట. గడప దాటితే అరవం. సంతలో బేరం చేసేటప్పుడు, ఆసుపత్రిలో డాక్టరు ఎదుట, బస్సులో పక్కవాడి గురించి చెప్పుకునేటప్పుడు మొగుడూ పెళ్లాలు గబుక్కున ఇంటిమాటలోకి దిగిపోతారు, నడుములో దోపుకున్న సంచి తడుముకున్నట్టు. ఎదుటివాడికి తెలియదని ధీమా. ఎదుటివాడి నడుములో కూడా అదే సంచి ఉండొచ్చని ఎవరికీ తోచదు. లోకం తిరిగితే ఇలాంటి ధీమాలు ప్రతి సరిహద్దులోనూ కనిపిస్తాయి, ప్రతిచోటా ఎవరో ఒకరు నాలుక కరుచుకుంటూనే ఉంటారు.

“సెల్వీ, ఇక్కడ నాలుగు ఉండాయి, అన్నీ ఒకటే గడ్డి. ఈ ముసిలోడు ఏనుగంత పుస్తకం ఒకటి అంటగట్టాలని చూస్తాండాడు. నాకి ఒక్క ముక్క ఎక్కలే. సగం చదివిండానని ఆపీసులో వేరే చెప్పేస్తిని. చెయ్యి లేసేది లేదని కూడా తెలిసిపోతే ఇంక నా కత ముగిసె.”

ఫోను పెట్టేశాక కూడా రంగనాథన్ దుమ్ము దులుపుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“ఆ ఏనుగుని ఆడే పెట్టు, నాయనా. ముసిలోడు దాన్ని నీకి అమ్మడు.”

అళగర్‌సామి ఆ పుస్తకం గబుక్కున కింద పెట్టేశాడు. మీరూ మనవాళ్లేనా అని గొణిగితే, మాది నేత ఇల్లు, మగ్గం కాడ అరవం మాట్లాడితే మా అవ్వ బువ్వ పెట్టేది కాదు అని ముసలాయన జవాబు. ఈ జిల్లాలో తెలుగు దాచిపెట్టుకోవటం కుదరదులే, సగం మందికి ఇంట్లో అదే మాట అని కూడా అన్నాడు. తర్వాత సంచిలో పసుపు గుడ్డ చూసి, అదేమిటో విప్పమన్నాడు.

రంగనాథన్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ నలభై ఏళ్లుగా పిల్లలు తెచ్చే పుస్తకాలూ అడిగే పుస్తకాలూ చూసి చూసి ఆయనకొక చూపు వచ్చింది. సరవణకుమార్ పుస్తకం అట్ట మీద మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పరీక్ష నంబరు మీద వేలు పెట్టి, నువ్వు రాసేదాని నంబరు ఎంత అని అడిగాడు. అళగర్‌సామి ఫోనులో వెతికి చూశాడు. రెండూ ఒకటి కావు. పరీక్ష మారిపోయింది. ఆ తొమ్మిదివందల పేజీల్లో ఎన్నో పాఠాలు ఇప్పుడు అడగనే అడగరు, ఇప్పుడు అడిగేవి కొన్ని అందులో లేనే లేవు.

“పాసైన చెయ్యి మంచిదే, నాయనా. అది పాసైన పరీక్షే ఇప్పుడు లేదు.”

అళగర్‌సామి అంగడిలోంచి బయటకు నడిచాడు. బస్టాండు దాకా పోయి, కోవిల్‌పట్టి బస్సు మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, తీసి, తిరిగి వచ్చాడు. అయిదు వారాలు పసుపు రాసిన అట్టకు దండం పెడుతూ పోయాయి. మిగిలిన ఏడు వారాలకు ఒక్క పుస్తకమే పడుతుంది, రెండోది ఎంచుకునే వ్యవధి లేదు. ఆ సంగతి ముసలాయనతో అన్నాడు, ఈసారి ఇంటిమాటలోనే.

రంగనాథన్ మొదట నంబరు కలవని పుస్తకాలు రెండు తీసి అవతల పెట్టాడు. అటక మీంచి నంబరు కలిసే మరొకటి దించాడు. అట్ట ఊడిపోయింది, బొమ్మలు లేవు. మొత్తం మూడయ్యాయి. నీ చేతికి బాగా తెలిసిన పాఠం మూడింట్లోనూ తీయమన్నాడు. అళగర్‌సామి గాజు తీగ పాఠం తీశాడు. ఒకదాంట్లో అంతా లెక్కల సూత్రాలే. రెండోదాంట్లో రంగు బొమ్మలు. అట్ట లేనిదాంట్లో మాత్రం, తీగను మరీ వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది, లైను తెగకుండానే చచ్చిపోతుంది అని ఉంది. అళగర్‌సామి ఉలిక్కిపడ్డాడు. సాత్తూరు వంతెన దగ్గర మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని తను కనిపెట్టిన సంగతే అది.

పుస్తకానికి పెట్టే పరీక్షలో అది సగమేనన్నాడు ముసలాయన. ఇప్పుడు నీకు తెలియనిది రెండు పేజీలు చదివి నీ పెండ్లానికి చెప్పు, ఇంగిలీసు వద్దు, అరవం వద్దు, బువ్వ అడిగే మాటలో చెప్పు అన్నాడు.

మళ్లీ ఫోను. సూత్రాల పుస్తకంలోంచి అడ్రెస్‌ల పాఠం మొదలుపెడితే మారిసెల్వి కాసేపు విని, మామా, నువ్వు చెప్తాండావా, చదువుతాండావా అని అడిగింది. రంగుల పుస్తకం చదవటానికి హాయిగా ఉంది కానీ, మూశాక చెప్పటానికి ఏమీ మిగల్లేదు. మూడోది తెరిచి చదివాడు. రెండుసార్లు చదివాడు. పుస్తకం మూసి, సందులో అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు.

“మన ఇంటికి అడ్రెస్ ఉండాది కదా. ముందర వీది పేరు, ఎనక ఇంటి నంబరు. కంపూటర్ అడ్రెస్ కూడా అంతే. కానీ వీది యాడ ముగిసె, ఇల్లు యాడ మొదలాయె అనేది దాన్ని చూస్తే తెలీదు. ఆ గీత యాడుండాదో చెప్పేదానికి పక్కన ఇంకో నంబరు పెడతారు.”

 అవతలినుంచి మారిసెల్వి, “ఆ గీతని ఇంటి పక్కకి జరిపితే?” అంది.

“జరిపితే... వీదులు ఎక్కువయ్యేది. ఒక్కో వీదిలో ఇండ్లు తగ్గిపొయ్యేది.”

అన్నాక ఆగిపోయాడు. ఆ మాట తను చదవలేదు. లోపలికి వచ్చి పేజీ తిప్పాడు. తర్వాతి పేజీలో సరిగ్గా అదే ఉంది. రంగనాథన్ ఆ పుస్తకాన్ని అతని చేతిలోంచి అందుకుని పాత పేపర్లో చుట్టసాగాడు. చుడుతూ, చెయ్యి సంగతి మీ ఆపీసు పెద్దాయనకి నువ్వే చెప్పుకో, తెగిన దారం ముడెయ్యకుండా నేస్తే చీరంతా పోతాదని అన్నాడు.

సోమవారం అళగర్‌సామి సెందిల్‌కుమార్ ఎదుట నిలబడి, సగం చదివానన్నది అబద్ధమనీ, చెయ్యి లేవదనీ చెప్పాడు. ఆయన విని, తల ఊపి, ఫోను చూసుకోవటంలో పడ్డాడు. మర్నాటి నుంచి నిచ్చెన పనులు రాలేదు. తీగ అతుకులు వేసే పని ఇచ్చారు. అది దయో, సాగనంపటానికి మొదటి మెట్టో తెలియక ఏడు వారాలూ అళగర్‌సామికి కంటికి కునుకు లేదు.

కానీ ఆ పుస్తకానికి కూర్చోనక్కర్లేదు. పొద్దున్నే చదివింది, మారిసెల్వి పొయ్యి దగ్గర ఉన్నప్పుడు వాకిట్లో నడుస్తూ చెప్పేవాడు. ఆమె ఫ్యాక్టరీ వ్యాను వచ్చేదాకా అడ్డుప్రశ్నలు వేసేది. జవాబు దొరకని రోజు ఆ పాఠం మళ్లీ మొదటికి. ఎన్నడూ కంప్యూటర్ మాట ఎరగని ఆ తెలుగులో రూటర్ నాలుగురోడ్ల కూడలి పోలీసయింది, ఫైర్‌వాల్ కోడలిని గుమ్మంలో ఆపి ఆరాతీసే అత్త అయింది. ఆ అత్త పాఠం దగ్గర మారిసెల్వి రెండు రోజులు ఎటూ కదలనివ్వలేదు, ఆమెకు అనుభవం జాస్తి.

మదురైలో పరీక్ష. చివరి మీట నొక్కగానే తెర మీదే ఫలితం. పాసు గీతకు కొంచెం పైన. అళగర్‌సామి చూసి, లేచి, బయటికి పోయి, నమ్మకం కుదరక ఇంకొకసారి చూస్తానని లోపలికి రాబోతే కాపలావాడు రానివ్వలేదు. కుర్చీ అతనికే వచ్చింది. ఇప్పుడు తెర మీద ఎర్రచుక్క వెలిగితే లేచి కిటికీ దగ్గరికి పోతాడు, అక్కడినుంచి స్తంభం కనిపిస్తుందన్నట్టు. కూర్చోవయ్యా అని పక్కవాళ్లు రోజుకి పదిసార్లు అంటారు.

నెల తిరక్కముందే కాళిముత్తు అనే కుర్ర లైన్‌మన్ తమలపాకుల తట్టతో ఇంటికొచ్చాడు. అళగర్‌సామి పుస్తకం ఇవ్వనన్నాడు. ఎవరి పుస్తకం వాళ్లే ఎంచుకోవాలని ఎంత చెప్పినా కాళిముత్తు మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. చివరికి ఆదివారం తనే వెంటబెట్టుకుని విరుదునగర్ తీసుకెళ్లి, అంగడిలో కూర్చోబెట్టి, నిలవలేక టీ తెస్తానని బయటికి నడిచాడు.

మూడు గ్లాసులతో తిరిగొచ్చేసరికి లోపల కాళిముత్తు గోడవైపు తిరిగి ఇంటికి ఫోను చేస్తున్నాడు, ఇంటిమాటలో, గట్టిగా.

“కుర్చీ దొరికినాక అన్నకి పొగరు ఎక్కిపోయె. పుస్తకం ఇయ్యకుండా ఇక్కడ ఒక ముసిలి నక్క దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టిండాడు...”

దుమ్ము దులిపే చప్పుడు ఆగింది. అళగర్‌సామి గడప దాటలేదు. టీ చేతులు కాలుస్తున్నా, ఆ ముసలాయన ఇప్పుడు ఏమంటాడో విందామని, కదలకుండా అక్కడే నిలబడిపోయాడు.