సోకులబాబు పంపిన తేదీ

ఆఫీసులో అతన్ని సోకులబాబు అంటారు. బట్టల్లో సోకేమీ లేదు. నలిగిన చొక్కానే మర్నాడు కూడా తగిలించుకొస్తాడు. సోకంతా అతను తయారుచేసే మెయిళ్ళలోనే. వెబ్‌సైట్ల నుంచి జనానికి వాటంతటవే వెళ్ళే మెయిళ్ళకి కోడు రాయడం అతని ఉద్యోగం. పాస్‌వర్డు మార్చుకోమని చెప్పే రెండు ముక్కల మెయిలుకి కూడా పైన రంగుల పట్టీ, కింద గుండ్రటి బటన్, మధ్యలో నవ్వుతున్న ఓ కుటుంబం ఫొటో ఉండి తీరాలి. పాస్‌వర్డు మర్చిపోయినందుకు ఆ కుటుంబం అంతలా ఎందుకు నవ్వుతోందో ఎవరూ అడగలేదు.

ఓ కంటి ఆస్పత్రి వాళ్ళు ఆపరేషన్ తేదీలు మెయిల్లో పంపే పని అప్పగించేసరికి అతని కాలు నేల మీద నిలవలేదు. తేదీని మామూలు అక్షరాల్లో పెడితే అందం చెడుతుందని ఏకంగా బొమ్మలోనే కలిపేశాడు. లేత నీలం మీద తెల్లటి సన్నక్షరాలు. కళ్ళు కనపడక ఆస్పత్రికి వచ్చేవాళ్ళకి పంపే మెయిలది. మేనేజరు మురిసిపోయి చప్పట్లు కొట్టాడు.

కోడు బయటికి వెళ్ళేముందు పరీక్షించే ఆవిడ పక్క సీట్లోనే ఉంటుంది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు.

“దీంతోపాటు ఉత్త అక్షరాల మెయిలు కూడా జత చెయ్యాలి కదండీ. బొమ్మలు చూపించని ఫోనుల్లో అదే కనిపిస్తుంది. అందులో తేదీ రాశారా?”

“ఈ రోజుల్లో అదెవరు చూస్తారండీ?”

“చూసేవాళ్ళు చూస్తారు. రెండు లైన్లే కదా, రాసెయ్యండి.”

రెండు లైన్లే. కానీ రంగు లేని చోట చెయ్యి పెట్టడం అతనికి నామోషీ. ఆవిడ నోరు మూయించడానికి అక్కడ ఒక్క లైను కొట్టాడు: “ఈ మెయిలు మీకు కనపడాలంటే ముందు మంచి ఫోను కొనుక్కోండి.” కొట్టి, తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. తర్వాత మారుస్తానన్నాడు. ఆవిడ సెలవు మీద వెళ్ళింది, మేనేజరు తొందరపెట్టాడు, మెయిళ్ళు బయల్దేరిపోయాయి.

అతనికో అక్క ఉంది. రెండు వీధుల అవతల కాపురం. బట్టలు కుట్టి బతికే మనిషి. రెండు కళ్ళకీ పొరలు కమ్మి, ఒక గౌనుకి జిప్పు తలకిందులుగా కుట్టిన రోజున మెషిను మీద గుడ్డ కప్పేసింది. ఆపరేషనైతే మళ్ళీ తీస్తానని ఆశ. ఆ తేదీ ఈ ఆస్పత్రి నుంచే రావాలి. పై ఊళ్ళో ఉండే కూతురు వచ్చినప్పుడు ఆమె పాత ఫోనులో బొమ్మలన్నీ ఆపేసి, వచ్చిన మెయిలు పైకి చదివి వినిపించేలా అమర్చింది. సోకులబాబు మాత్రం ఎప్పుడొచ్చినా ఆ ఫోనుని ఎగతాళి చేయకుండా వెళ్ళడు.

ఆస్పత్రి జాబితాలో అక్క పేరు, ఆపరేషన్ తేదీ, పక్కన “పంపబడింది” అన్న పచ్చ గుర్తు చూసుకుని నిశ్చింతగా ఉన్నాడు. ఆపరేషన్ రోజు ఆఫీసు పనిలో పడి వెళ్ళలేకపోయాడు. మర్నాడు పళ్ళ సంచీతో వెళ్ళాడు. నల్లద్దాలతో మంచం మీద ఉంటుందనుకున్న అక్క గోడ తడుముకుంటూ వచ్చి తలుపు తీసింది.

“అదేంటక్కా, ఆపరేషన్?”

“తేదీ ఇవ్వలేదురా. మంచి ఫోను కొనుక్కోమన్నారు.”

సోకులబాబు పళ్ళ సంచీ గుమ్మంలోనే పెట్టేశాడు.

“మెయిలొచ్చింది. ఇంకేమైనా చెప్తుందేమోనని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నా. అదొక్కటే మాట. మన స్థోమత చూసి వద్దనుకున్నారు కాబోలు.”

“ఆస్పత్రికి ఫోన్ చెయ్యకపోయావా?”

“ఆ మాటన్నాక ఏ మొహంతో చెయ్యను?”

“పోనీ, నాకైనా చెప్పొద్దూ?”

“చెప్తే నువ్వేమంటావో నాకు తెలీదా? ఎన్నాళ్ళనుంచో నువ్వంటున్నదేగా.”

అతను బయట మెట్ల మీదికి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. పిలిచినప్పుడు రాలేదు కాబట్టి వంతు పోయిందనీ, మళ్ళీ చివరి నుంచేననీ, వానాకాలం దాటాకే చూడాలనీ అవతలి మనిషి చెప్పాడు. తేదీ చెప్పామనడానికి పచ్చ గుర్తు ఉందని కూడా అన్నాడు. సోకులబాబుకి తల కొట్టేసినట్టయింది. లోపలికొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు.

“అక్కా, ఆ మెయిలు ఆస్పత్రివాళ్ళు రాసింది కాదు. నేను రాసింది. ఎవరూ చూడరనుకున్నా.”

చెడామడా తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననే ఆశపడ్డాడు. ఆమె మాట వచ్చిన వైపు ముఖం తిప్పింది. తర్వాత ఆ ముఖం తేటపడింది.

“నువ్వేనా? హమ్మయ్య. బయటివాళ్ళకి కూడా నేను అలా లోకువైపోయాననుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయానురా. నువ్వేగా, నాకు అలవాటే.”