సర్కారు వకీలు ఒప్పుకొన్న ఆలస్యం

మామిడికాయల కాలంలో కృష్ణగిరి దాటుతుంటే గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తీపీ పులుపూ కలిసిన ఆవిరి బస్సులోకి కొడుతుంది. మొన్న ఆ వాసన తగలగానే పక్క మనిషితో మాట్లాడుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. రామచంద్రప్ప గారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో ఆయన అక్కడి కోర్టులో ప్రభుత్వ వకీలు. నేను బేరిగై నుంచి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కొత్త వకీలును. ఆ ఎండాకాలం ఒక కేసులో ఆయన చేసింది ఒప్పో తప్పో నాకిప్పటికీ తేలలేదు.

వేప్పనపల్లి దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే మునెమ్మది ఆ కేసు. మామగారి కాలం నుంచి వాళ్లు రాగులు చల్లుకుంటున్న మెట్ట చేను సర్వేలో సర్కారు భూమిగా నమోదైంది. కాదనుకుంటే గడువులోగా అప్పీలు చేసుకోవాలి. ఆమె తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అన్నేళ్లు ఏం చేశావని కోర్టు వరండాలో అడిగాను.

"గొర్రెలు తోలుకోని కుప్పం పక్క పోయింటిమి తల్లీ. కాగితం యాడ వచ్చిందో మాకేం తెలుసు? ఇండ్ల స్థలాలకని రాళ్లు నాటేదానికి వచ్చినప్పుడే తెలిసింది," అంది.

ఆలస్యమైంది కాబట్టి అప్పీలు కొట్టేయమని అడగడం మా పని. అది సులువుగా గెలిచే కేసు. కానీ ఫైలు చదువుతుంటే చివర్లో, మునెమ్మ వాళ్లకు నోటీసు పంపిన తపాలా కవరు ఒకటి, విప్పకుండానే దొరికింది. 'ఊళ్లో లేరు' అని రాసి తిప్పి పంపారు. పై కాగితంలో మాత్రం నోటీసు అందినట్టే ఉంది.

"దీన్ని మనం చూపించాల్సిన పని లేదు కదా సార్?" అన్నాను.

"మనమంటే ఎవరమ్మా?" అన్నారాయన. "సర్కారు ఈ నేలకు ఆసామి కాదు. జనాల కోసం కాపాడేదానికి పెట్టిన మనిషి. ఆ మనిషే కాగితం దాచిపెట్టి, నువ్వు ఆలస్యంగా వచ్చినావు పో అంటే ఎట్లా?"

మరునాడు ఆయనే ఆ కవరును జడ్జికి అందించి, ఆలస్యాన్ని మన్నించడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదన్నారు. అప్పీలు విచారణకొచ్చింది. ఏడాది తిరిగేసరికి చేను మునెమ్మ పేరుకు మారింది. నేను గర్వంతో పొంగిపోయాను, సరిగ్గా రెండు రోజులు.

మూడో రోజు గౌరమ్మ వచ్చింది. ఆ చేనులో ఇంటి స్థలాలు ఇస్తామని సర్కారు మాట ఇచ్చిన కూలివాళ్లలో ఆమె ఒకతె.

"మాకు సర్కారే కదప్పా దిక్కు? మా పక్క నిలబడాల్సిన మీరే ఆయమ్మకు తలుపు తీసేస్తే మేం యాడికి పోవల్ల?"

"నువ్వు చెప్పేదీ న్యాయమేనమ్మా," అన్నారాయన. ఆమె వెళ్లిపోయాక, మరి న్యాయం ఎవరి పక్క ఉందని అడిగాను.

"తెలీదమ్మా," అన్నారు. కోర్టుకు పోయేటప్పుడు ఉన్న ఆ గట్టి గొంతు అప్పుడు లేదు. "ఆ కవరును దాచలేకపోయినాను, అంతే."

పదవీకాలం ముగిశాక ఆయన్ని మళ్లీ ఆ పనిలో పెట్టుకోలేదు. ఈ కేసు వల్లేనని కొందరన్నారు, కాదని కొందరన్నారు. ఆయన మాత్రం ఎవరినీ అడగలేదు.

కొన్నేళ్లకు, సూళగిరిలో కూతురి ఇంట్లో ఆయన మంచం పట్టి ఉంటే చూడబోయాను. నేను సొంతంగా గెలిచిన మొదటి భూమి కేసు గురించి ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, "ఓడినోళ్లు ఇప్పుడు యాడున్నారమ్మా?" అని అడిగారు. నాకు తెలియదు. ఆయన కళ్లు మూసుకుని, "గౌరమ్మోళ్లకు ఇంకా స్థలాలు రాలేదంట," అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కేసు గెలిచిన ప్రతిసారీ ఓడినవాళ్లు ఏమయ్యారో కనుక్కుంటాను. కొన్నిసార్లు వాళ్ల ఊరిదాకా పోయి, దూరం నుంచి ఇల్లు చూసి తిరిగొచ్చేస్తాను. తెలుసుకున్నాక ఏం చేయాలో ఆయన నాకు చెప్పలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.