గంజి పెట్టని పడుగు

ఏదో దేశంలోకి పొరుగు సైన్యం వెళ్లిందట, అక్కడి జనాన్ని కాపాడటానికేనట. రేడియోలో చెబుతున్నారు. అప్పుడే వంటింట్లోంచి గంజి వాసన వచ్చింది. ఆ రెండూ కలిసేసరికి సిరిసిల్లలో మా నేతగాళ్ల వాడ గుర్తుకొచ్చింది.

నిజాం రాజ్యంలోకి యూనియన్ మిలిటరీ వచ్చిందని ఆ పొద్దున వాడంతా బెల్లం పంచుకుంది. ఎవరొచ్చి దోచుకుపోతారోనని నెలల తరబడి మూసుకున్న తలుపులన్నీ తెరుచుకున్నాయి. నూలుకు రంగులద్దే ఖాసిం మామ తలుపు మాత్రం మూసే ఉంది. నా బెల్లంముక్క పట్టుకుని వెళ్లి తట్టాను.

"మామా, మనల్ని కాపాడనీకి వచ్చిండ్రట, రా!"

లోపలినుంచి గడియ బిగించిన చప్పుడు వచ్చింది.

నా వెనకే బాపు వచ్చాడు. ఆ గుమ్మానికి అడ్డంగా కర్రలు పాతి, మగ్గానికెక్కించాల్సిన నిలువుపోగుల పడుగును వాటికి సాగదీసి కట్టాడు. గంజి పెట్టడానికి వీధిలో చాచిన పడుగును దాటడం మా వాడలో మహా తప్పు. పశువులు వచ్చినా మళ్లించేవాళ్లం. కానీ బాపు చేతిలో గంజీ లేదు, కుంచే లేదు.

"గంజి పెట్టకుంట పడుగెందుకు బాపూ?"

"ఊకో బిడ్డా."

నేను ఊకోలేదు. "పడుగు దాటొద్దని మిలిటరోళ్లకు ఎరుకనా?"

"వాళ్లకేం ఎరుక? మనోళ్లకు ఎరుకనే గద."

బెల్లం నములుతూ కర్రలు పట్టుకుని మామ ఇంటి మీదికే వస్తున్న మా వాడవాళ్లను చూస్తూ అన్నాడు బాపు.

వాళ్లు పడుగు దాకా వచ్చి, వెనక్కి మళ్లారు.

మిలిటరీ రాకుంటే మనం బతికేటోళ్లం కాదని బాపు చివరిదాకా అనేవాడు. నిజమే.

రేడియో ఇంకా చెబుతూనే ఉంది. ఆ దేశంలో ఎవరి గుమ్మానికి పడుగు కట్టాల్సి వచ్చిందో మాత్రం చెప్పడం లేదు.