చదివితే హారన్ కొట్టాలి

మా సీనియర్ అక్క ఇక లేదన్న కబురు పోయిన వారం కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. చిన్నప్పటి నుంచి ఉన్న గుండె జబ్బు తిరగబెట్టిందట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ గ్రూపులో అందరికన్నా ఎక్కువ గోల చేసేది ఆమే కదా! "ఏమప్పా, నన్ను అప్పుడే సాగనంపేసినారా?" అని తనే జవాబు పెడుతుందేమోనని ఫోను పట్టుకుని చాలాసేపు చూశాను.

నేను అత్తిముగం నుంచి బర్గూరు కాలేజీకి వచ్చినదాన్ని. మొదటి సెమిస్టర్లోనే లెక్కల పేపరు పోయి అరియర్ పడింది. హాస్టల్ మెట్ల మీద మొహం వేలాడేసుకుని కూర్చుంటే, అప్పుడు మూడో సంవత్సరంలో ఉన్న ఈ అక్క వచ్చి పక్కన కూలబడింది. ఓదారుస్తుందనుకున్నాను. "ఆదివారం నాతో జూజువాడికి వస్తావా? పిల్లోళ్ళకి లెక్కలు చెప్పల్ల" అంది.

"నాకే రావు కదక్కా!"

"అందుకే నువ్వు కావల్ల. రాకుంటే ఎట్లుంటాదో నీకు తెలుసు. వచ్చినోళ్ళు అది మరిచిపోయింటారు."

తమిళనాడు సరిహద్దులో, హోసూరు పక్కనున్న జూజువాడిలో, ఆంధ్ర నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ళ లైన్ ఇళ్ళు ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం. చదవమంటే మూడింటిలోనూ తలవంచుకునేవాళ్ళు. అక్క వాళ్ళను కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. చున్నీ నడుముకు బిగించి, బొరుగుల పొట్లం చేతపట్టుకుని, లారీలు నిలిపే మైదానానికి తోలుకుపోయింది. లారీల మీద ఉండని భాష ఏముంది! ఊళ్ళ పేర్లు, దేవుళ్ళ పేర్లు, ఓనరు కూతుళ్ళ పేర్లు. నంబరు ప్లేట్ల మీద కూడికలు, తీసివేతలు. ఎవరైనా సరిగ్గా చదివితే అక్క గంతేసి క్యాబిన్ వైపు కేకేసేది: "అన్నా, చదివేసింది! కొట్టన్నా!" డ్రైవరు హారన్ కొట్టాలి. అదీ రూలు.

"ఏమమ్మా, కాసేపు పండుకోనీవా?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"పిల్ల చదివితే నిద్దరేమన్నా? కొట్టు, కొట్టు!"

ఆయనే తర్వాత పిల్లలు ఆలస్యంగా వస్తే, ఈరోజు బడి లేదా అని అడిగేవాడు.

ఆ పిల్లలకు భిన్నాలు చెప్పబోయి నేనే నేర్చుకున్నాను. అరియర్ పాసయ్యాను. అక్క నన్నూ లారీ ముందు నిలబెట్టి, ఫోనులో రిజల్టు గట్టిగా చదివించి, హారన్ కొట్టించింది! సిగ్గుతో చచ్చాను. ఆ సంతోషం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

హోసూరు కంపెనీలో ఉద్యోగం వచ్చాక కూడా అక్క ఏ ఆదివారమూ మానలేదు. ఈమధ్య నాలుగడుగులకు ఒకసారి ఆగేది. ఏమైందక్కా అంటే, "నంబరు కూడుతాండాను, ఉండు" అనేది. మేం నమ్మేవాళ్ళం.

నాకు అన్నీ వచ్చినా ఆ కేక మాత్రం రాలేదు. అంత గొంతు నాకు లేదు. "ఒకదినం నువ్వే పెట్టల్ల కేక" అని వెక్కిరించేది. ధర్మవరం నుంచి వచ్చిన ఒక పాప ఎన్ని వారాలైనా నోరు తెరిచేది కాదు. "దీని హారన్ నేను వినల్ల" అని అక్క పట్టుపట్టింది. వినకుండానే పోయింది.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. అక్క లేకపోతే ఎవరూ రారని, ఆ బడి ఇక ముగిసినట్టేనని అనుకుంటూనే వెళ్ళాను. పిల్లలందరూ లారీల దగ్గర నిలబడి ఉన్నారు. అందరి చూపూ నా నోటి మీదే.

ధర్మవరం పాప మెల్లగా ఒక లారీ వెనక్కి పోయి, అక్షరాల మీద వేలు పెట్టింది. "ధ... ర్మ... వ... రం." ఒక్కసారిగా వెనక్కి తిరిగి, "అక్కా, మా ఊరు! మా ఊరు రాసుండారు!" అని అరిచింది.

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. అప్పుడు నా గొంతులోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"అన్నా, చదివేసింది! కొట్టన్నా!"

ఆ లారీ కొట్టింది. దాని పక్కది కొట్టింది. కబురు తెలిసినట్టు మైదానమంతా కొట్టింది. ఆ పాప రెండు చెవులూ మూసుకుని నవ్వుతూ, అప్పుడే పక్క లారీ వైపు పరిగెడుతోంది.